రెండవ సంపుటి – మారిన నాదం

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీ నగర్ వరకు గల రహదారిని ఎరిగినవారికి అక్కడి సందడిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు. విజయవాడ దారిన వచ్చే బస్సులు, నాగార్జునసాగర్ దారిన వచ్చే బస్సులు ఎల్బీ నగర్ కూడలిలో కలుసుకొంటాయి. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం ప్రాంతాల నుండి చదువు కోసమో, ఉద్యోగ పరీక్షల శిక్షణ కోసమో బయలుదేరిన పిల్లవాడు మొట్టమొదట నగరాన్ని చూసేది ఇక్కడనే. భుజాన సంచి, చేతిలో పచ్చడి సీసా, జేబులో ఎవరో వ్రాసి ఇచ్చిన హాస్టలు చిరునామా. అక్కడి నుండి చైతన్యపురి, కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్ సందులలో ఎక్కడో ముగ్గురు నలుగురు పంచుకొనే గది ఒకటి వానికి ఇల్లవుతుంది.

ఈ రహదారి కొద్ది సంవత్సరాలలోనే చాల మారినది. 2018 సెప్టెంబరు 24వ తేదీన అమీర్‌పేట నుండి ఎల్బీ నగర్ వరకు మెట్రో రైలు నడవసాగినది. కొత్తపేటలో దశాబ్దాల పాటు నడిచిన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021, 22 సంవత్సరాలలో బాటసింగారానికి తరలిపోయినది. వేసవి తెల్లవారుజామున మామిడిపండ్ల వాసనతో పాటు వినవచ్చే హమాలీల కేకలు, లారీల మోత ఇప్పుడు లేవు. వాటికి బదులు స్తంభాల మీది నుండి నాలుగైదు నిమిషాలకు ఒకసారి జారిపోయే రైలు చప్పుడు ఉన్నది. ఊరి చప్పుడే మారినప్పుడు ఆ ఊరిలో పుట్టే పాట మాత్రం మారకుండా ఉంటుందా అన్న ప్రశ్న మాకు ఊరక కలిగినది కాదు. మా మేడ మీది గదిలో అద్దెకు ఉన్న కొందరు యువకులు దానిని మా ముందుకు తెచ్చినారు. వారి సంగతి చెప్పే ముందు అసలు విషయాన్ని కొంత విచారించవలసి ఉన్నది.

ఈనాడు ఇంగ్లీషు మాటను కుదించి 'ఇండీ' అని పిలుస్తున్న సంగీత బృందాలను మనం స్వతంత్ర బృందాలు అనవచ్చును. పెద్ద రికార్డింగు సంస్థల పెట్టుబడి లేకుండ, తమ పాటలను తామే కట్టి, తామే పాడి, తామే ముద్రించి వెలువరించుకొనేవారు వీరు. బ్రిటనులో మాంచెస్టరు ప్రాంతపు 'బజ్‌కాక్స్' అనే బృందం 1977 జనవరిలో నాలుగు పాటల చిన్న రికార్డు నొకదానిని తన సొంత ముద్ర మీద విడుదల చేసినది. చేతిలో కొద్దిపాటి డబ్బు ఉంటే ఎవరైనా ఈ పని చేయవచ్చునన్న ధైర్యాన్ని అది అనేకులకు ఇచ్చినది. అయితే అక్కడ 'స్వతంత్రం' అంటే పెద్ద కంపెనీల నుండి స్వాతంత్ర్యం. మన దేశంలో, ముఖ్యంగా మన తెలుగునాట, ఆ మాటకు మరొక అర్థం వచ్చి చేరుతుంది: సినిమా నుండి స్వాతంత్ర్యం. పాట అనగానే సినిమా పాట అనుకొనే నేల మనది. సినిమా కథ లేకుండ, కథానాయకుని ముఖం లేకుండ, తన కాళ్ళ మీద తాను నిలబడే పాటను కట్టడమే ఇక్కడ స్వాతంత్ర్యం.

ఇది మనకు పూర్తిగా కొత్త మాట కాదు. సాలూరు రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు సినిమాలకు వెలుపల పాడిన గ్రామఫోను పాటలు ఒకప్పుడు ఇంటింటా మ్రోగినవి. 1952లో డాక్టర్ బి.వి. కేస్కర్‌గారు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి అయిన పిమ్మట ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు దాదాపు లేకుండ పోయినది. శ్రోతలు చాలమంది రేడియో సిలోను వైపు తిరిగినారు. 1957 అక్టోబరు 3వ తేదీన వివిధభారతి ప్రారంభమైన తరువాత గాని సినిమా పాట ఆకాశవాణికి మరల హక్కుగా రాలేదు. ఆ విధానం మంచిదా, కాదా అన్నది వేరే చర్చ. కాని ఆ లోటును పూరించడానికి ఆకాశవాణి కేంద్రాలలో లలిత సంగీతాన్ని ప్రత్యేకంగా పెంపొందించవలసి వచ్చినది. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి గేయాలు, బాలాంత్రపు రజనీకాంతరావుగారి, పాలగుమ్మి విశ్వనాథంగారి, మహాభాష్యం చిత్తరంజన్‌గారి స్వరరచనలు మన చెవులకు అలవడినది ఆ దారిననే. సినిమా ఆసరా లేని తెలుగు పాట ఒకటి ఉండగలదని ఋజువు చేసిన పెద్దలు వారు. ఈనాడు గిటారు పట్టుకొన్న పిల్లలకు ఈ వంశవృక్షం తెలియకపోవచ్చును. తెలియనంత మాత్రాన బంధుత్వం పోదు.

ఇటీవలి కాలంలో హైదరాబాదులోనే 'చౌరస్తా' అనే బృందం తెలుగు మాటకు, పల్లె పలుకుబడికి జమైకా దేశపు రెగ్గే లయను జత చేసి పాడినది. 2010ల చివర వారి 'ఊరెళ్ళిపోతా మామ' పాటను విననివారు ఈ హాస్టలు గదులలో అరుదు. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాలగారు తరువాత సినిమారంగంలో ప్రసిద్ధులైనారు. 2021లో వచ్చిన 'జాతిరత్నాలు' చిత్రంలో వారు పాడిన పాట అందరికీ తెలిసినదే. ఇందులో తప్పుపట్టవలసినది ఏమీ లేదు. కాని ఒక సత్యం బోధపడుతుంది. మన దగ్గర స్వతంత్ర బృందం మొదటి పాటలతో పేరు తెచ్చుకోగానే సినిమా తలుపు తెరుచుకొంటుంది. బృందంగా నిలిచి, మరల కూర్చుండి, రెండవసారి ఒక పాటల సంపుటిని తయారు చేయడం అరుదు. అందుచేతనే రెండవ సంపుటి గురించి మాట్లాడుకొనవలసిన అవసరం మనకు మరింత ఎక్కువ.

మొదటి సంపుటికి, రెండవ సంపుటికి గల తేడా ఏమి? మొదటి దానిలోని పాటలు ఒక సంవత్సరంలో పుట్టినవి కావు. కుర్రవాడు పదిహేనవ ఏట కట్టిన వరుస, ఇరవయ్యవ ఏట కలిగిన దుఃఖం, స్నేహితుల నడుమ పదే పదే పాడి అరగదీసిన చరణం – ఇవన్నీ కలిసి మొదటి సంపుటి అవుతుంది. అంటే దాని వెనుక ఒక జీవితకాలపు కూడబెట్టు ఉన్నది. రెండవ దానికి అటువంటి నిలువ లేదు. గాదె ఖాళీ అయిన పిమ్మట వేసిన పంట అది. పైగా మొదటిసారి పాడినప్పుడు వినేవారు లేరు; రెండవసారి పాడేనాటికి వినేవారు ఎదురుగా కూర్చుండి ఉన్నారు. వారికి నచ్చినది ఏదో తెలిసిపోయినది. తెలిసిన దారిన మరల నడవడమా, తెలియని దారి పట్టడమా అన్న చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

వేరే రెండు కారణాలు కూడ ఉన్నవి. ఒకటి, మనుషులు మారతారు. బృందంలో ఒకడు పోయి మరొకడు వస్తే నాదం మారక తప్పదు. మద్దెల వాయించేవాడు మారితే పాట నడకయే మారుతుంది గదా! రెండవది, పరికరాలు మారతాయి. ఒకే గదిలో ఒకే మైకు ముందు కూర్చుండి పాడిన పాటకు, ఒక్కొక్క వాద్యాన్ని వేరు వేరుగా ముద్రించి తరువాత కలిపిన పాటకు పోలిక ఉండదు.

అమెరికాలోని 'నిర్వాణ' బృందం చరిత్ర ఇందుకు చక్కని నిదర్శనం. వారి మొదటి సంపుటి 'బ్లీచ్' 1989లో ఒక చిన్న సంస్థ ద్వారా వచ్చినది. దానిని ముద్రించడానికి అయిన ఖర్చు ఆరు వందల డాలర్లకు కొంచెం పైన. రెండవ సంపుటి 'నెవర్‌మైండ్' 1991లో పెద్ద సంస్థ ద్వారా వచ్చినది. ఈ మధ్య డ్రమ్ములు వాయించేవాడు మారినాడు, ముద్రణను నడిపించినవారు మారినారు. మొదటి దానిలోని మొరటు బురదనాదం స్థానంలో ప్రతి వాద్యం స్పష్టంగా వినిపించే నాదం వచ్చినది. పాత అభిమానులు కొందరు ముఖం చిట్లించినారు. లోకం మాత్రం ఆ సంపుటిని నెత్తిన పెట్టుకొన్నది. దీనికి ఎదురు నిదర్శనం బ్రిటనులోని 'స్టోన్ రోజెస్'. వారి తొలి సంపుటి 1989లో వచ్చి గొప్ప ఆదరణ పొందినది. రెండవది రావడానికి ఐదేండ్లకు పైగా పట్టి, 1994 డిసెంబరు నాటికి గాని వెలువడలేదు. తేలికగా ఎగిరే తొలి నాదం పోయి, బరువైన గిటారు నాదం వచ్చినది. ఎదురుచూపులకు తగినట్లు లేదని చాలమంది నిరాశ చెందినారు. 1996లో ఆ బృందమే చెదిరిపోయినది. కనుక మార్పు అన్నది దానంతట అది గుణమూ కాదు, దోషమూ కాదు. ఎందుకు మారినారు అన్నదే ప్రశ్న.

ఇక మన దేశానికి వద్దాము. ఢిల్లీలో 1990లో ఏర్పడిన 'ఇండియన్ ఓషన్' బృందం మన స్వతంత్ర బృందాలకు పెద్దన్న వంటిది. సుస్మిత్ సేన్‌గారి గిటారు, అషీమ్ చక్రవర్తిగారి తబలా, కంఠం దానికి పునాదులు. 1993లో వచ్చిన మొదటి సంపుటిలో వాద్యానిదే పెద్దపీట. 1997లో వచ్చిన రెండవ సంపుటి 'డెజర్ట్ రెయిన్' స్టూడియోలో తయారైనది కాదు. శ్రోతల ముందు ఆరుబయట వాయించినదానిని వాయించినట్లే పట్టి ముద్రించినది. తప్పు దొర్లితే దిద్దుకొనే వీలు లేని పద్ధతిని రెండవ సంపుటికి ఎన్నుకొన్నారంటే ఎంత ధైర్యం! సాధారణంగా బృందాలు రెండవసారి మరింత నగిషీ కోసం ప్రాకులాడతాయి. వీరు నగిషీని వదలి ఊపిరిని పట్టుకొన్నారు. ఆ తరువాత 2000లో వచ్చిన 'కందిస' సంపుటిలో కంఠాలు ముందుకు వచ్చినవి. కేరళ సిరియను క్రైస్తవుల అరమాయికు భాషా ప్రార్థన, నర్మదా తీరపు జానపద గీతం, హిందీ కవిత – ఇవన్నీ ఒక్కచోట ఇమిడినవి. ఆ ఇముడ్చుకొనే శక్తి వారికి ఎక్కడి నుండి వచ్చినదంటే, రెండవ సంపుటి నాడు జనం ఎదుట నిలబడి నేర్చుకొన్న దానినుండే వచ్చినదని మా అభిప్రాయం.

కొచ్చిలో 1996లో ఏర్పడిన 'మదర్‌జేన్' బృందపు కథ మరొక రకం. వారి పాటలు ఇంగ్లీషులో ఉంటాయి. మొదటి సంపుటిలో పాశ్చాత్య రాక్ సంగీతపు ఛాయయే ప్రధానం. 2008లో 'మక్తూబ్' అనే రెండవ సంపుటి వచ్చినది. మక్తూబ్ అనే అరబ్బీ మాటకు 'వ్రాయబడినది' అని అర్థం. అందులో బైజు ధర్మజన్‌గారి విద్యుత్ గిటారు తంత్రి మీద మన గమకం వినవచ్చినది. స్వరం నుండి స్వరానికి గెంతకుండ, వీణ మీద వేలు జారినట్లు జారి, ఊగి, నిలిచే ఆ వాదనం వినగానే ఎవరికైనా ఇది దక్షిణదేశపు చేయి అని తెలిసిపోతుంది. భాష ఇంగ్లీషుదే, డ్రమ్ములు పాశ్చాత్యమే. కాని ఆ ఇంటి పునాది రాయి కదలి వేరే చోట కూర్చున్నది. మొదటిసారి తాము వింటూ పెరిగిన రికార్డులను పాడినారు. రెండవసారి తాము పుట్టి పెరిగిన నేలను పాడినారు. కొందరు దూరం పోయిన కొద్దీ కొత్తదనాన్ని కనుగొంటారు. వీరు ఇంటికి రావడంలో కనుగొన్నారు.

మూడవది మన భాషకు దగ్గరి చుట్టం. బెంగుళూరులోని 'అగమ్' బృందం త్యాగరాజస్వామి కీర్తనలను రాక్ వాద్యాలతో పాడినది. 2012లో వెలువడిన వారి మొదటి సంపుటిలో హంసనాద రాగంలోని 'బంటురీతి కొలువు' ఉన్నది. 2017లో వెలువడిన రెండవ సంపుటి 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'లో నళినకాంతి రాగంలోని 'మనవ్యాలకించరాదటే' ఉన్నది, ముత్తుస్వామి దీక్షితుల 'రంగపుర విహార' ఉన్నది. రెండు సంపుటులకు మూలం ఒకటే, గాయకులు హరీశ్ శివరామకృష్ణన్‌గారి కంఠం ఒకటే. కాని రెండవ దానిలో కీర్తన చుట్టూ అల్లిన నాదం మరింత విస్తారమైనది. పొరమీద పొర, వాద్యం వెంట వాద్యం పేరుకొంటూ పోతుంది. శాస్త్రీయ సంగీతం తెలిసినవారు 'కీర్తనకు ఇంత హంగామా ఎందుకు?' అని అడిగినారు. యువకులు 'నళినకాంతి అనే పేరు మాకు తెలిసినది దీని వల్లనే' అని బదులు చెప్పినారు. ఇద్దరి మాటలోను నిజం ఉన్నది.

మా వీధిలోని పిల్లలకు 'అగమ్' మీద ప్రత్యేకమైన గౌరవం ఉండటానికి మరొక కారణం ఉన్నది. ఆ బృంద సభ్యులలో పలువురు ఉద్యోగాలు చేసుకొంటూనే, ఆ జీతం మీద బ్రతుకుతూ, సాయంత్రాలు, సెలవు దినాలు సంగీతానికి ఇచ్చినవారు. మొదటి సంపుటికి, రెండవ దానికి నడుమ ఐదేండ్లు పట్టినదంటే అందుకు ఆశ్చర్యం లేదు. పాట అమ్ముడు పోకపోతే పస్తు ఉండవలసిన పని లేదు. కనుక పాటను తమకు తోచినట్లు మార్చుకొనే వీలు వారికి కలిగినది. దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటరు కోర్సుకు కట్టిన రుసుమును, గిటారు తంత్రుల ధరను ప్రక్క ప్రక్కన వ్రాసి లెక్క చూసుకొనే పిల్లవానికి ఇది చిన్న సంగతి కాదు.

ఇప్పుడు మా మేడ మీది వారి సంగతికి వస్తాము. వారి పేర్లు గాని, బృందం పేరు గాని ఇక్కడ చెప్పబోము, వారే వద్దన్నారు. నలుగురు. ఇద్దరు నల్లగొండ ప్రాంతం వారు, ఒకడు ఖమ్మం వైపు వాడు, ఒకడు హయత్‌నగర్‌లో పుట్టి పెరిగినవాడు. ఒక గిటారు, ఒక బేసు గిటారు, కూర్చుండి వాయించే చెక్కపెట్టె వాద్యం ఒకటి, ఒక కంఠం. మొదటి సంపుటిలో ఆరు పాటలు. అవన్నీ ఊరు విడిచి వచ్చినవాని పాటలు. తల్లి ఫోనులో అడిగే 'తిన్నవా బిడ్డా' అన్న ప్రశ్న, పండుగనాడు దొరకని బస్సు, పరీక్ష ఫలితం వచ్చిన నాటి మౌనం. మాటలన్నీ వారి యింటి మాటలే. వేసవి రాత్రులలో మా డాబా మీద వారు పాడుతుంటే ఎదుటి హాస్టలు పిల్లలు కిటికీల వద్దకు వచ్చి నిలబడేవారు. ఆ సంపుటిని ఎవరి సహాయం లేకుండ ఇంటర్‌నెట్‌లో పెట్టినారు. లక్షలమంది వినలేదు గాని, విన్నవారు మరచిపోలేదు.

మూడేండ్ల తరువాత రెండవ సంపుటి పూర్తి అయినది. మాకు ముందుగా వినిపించినారు. మేము విని ఉలిక్కిపడినాము. చెక్కపెట్టె లేదు, దానికి బదులు ల్యాప్‌టాప్ నుండి వచ్చే యంత్రపు తాళం. గిటారు ఎక్కడో వెనుక నీడవలె ఉన్నది. కీబోర్డు నాదం పొగమంచువలె పరచుకొని ఉన్నది. ఒకప్పుడు గొంతెత్తి పాడినవాడు ఇప్పుడు చెవిలో చెప్పినట్లు పాడుతున్నాడు. 'ఇది మీ పాట కాదు. మీరు పోగొట్టుకొన్నారు' అని ముఖం మీదనే అన్నాము. వయసు మళ్ళినవారికి తీర్పు చెప్పడం తేలిక. వారిలో పాట వ్రాసే కుర్రవాడు తల వంచుకొని, కొంతసేపటికి, 'మేం మారినం సార్. పాట మారకుంటె ఎట్ల?' అని మాత్రం అన్నాడు. తరువాత కొన్ని వారాలు డాబా మీద పాట వినబడలేదు. ఆ నిశ్శబ్దానికి మా మాటయే కారణమని మాకు తెలియడానికి ఎక్కువకాలం పట్టలేదు.

ఒకనాటి సాయంత్రం పనిమీద ఎల్బీ నగర్‌లో మెట్రో ఎక్కి నగరంలోకి పోవలసి వచ్చినది. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించుకొని ఆ రెండవ సంపుటిని మొదటి నుండి పెట్టుకొన్నాము. విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ – ఒక్కొక్క స్టేషను దాటుతున్నది. అద్దం అవతల మేడల మీది నీళ్ళ ట్యాంకులు, ఆరవేసిన బట్టలు, హాస్టళ్ళ కిటికీలు జారిపోతున్నవి. పెట్టెలో ప్రక్క ప్రక్కన నిలబడినవారు ఒకరి ముఖం ఒకరు చూడడం లేదు. ప్రతివాని చెవిలోను ఏదో ఒకటి మ్రోగుతున్నది. అప్పుడు ఆ యంత్రపు తాళం మాకు అర్థమైనది. అది ఈ రైలు నడక. ఆ గుసగుస కంఠం, ఇంతమంది నడుమ ఒంటరిగా నిలబడినవాని కంఠం. మొదటి సంపుటి పాడిననాడు వారు ఊరు విడిచి వచ్చినవారు; ఊరు ఇంకా వారిని పిలుస్తున్నది. ఇప్పుడు వచ్చి ఏడెనిమిది ఏండ్లయినది. ఊరు పిలవడం మానినది. వారు వెళ్ళడం మానినారు. పండుగకు బస్సు దొరకలేదన్న దుఃఖం పోయి, బస్సు దొరికినా పోవాలనిపించలేదన్న దుఃఖం వచ్చినది. దానిని పాత గిటారుతో, పాత గొంతెత్తి పాడితే అబద్ధమయ్యేది. దానిని మేము డాబా మీద కూర్చుండి పట్టుకోలేకపోయినాము.

ఇంటికి వచ్చి వారిని పిలిచి, మా తొందరపాటును ఒప్పుకొన్నాము. అయితే ఒక్క మాట మీద మాత్రం మేము వెనుకకు తగ్గలేదు. మూడు పాటలలో మాట వినబడడం లేదు. నాదం పొరల క్రింద మాట మునిగిపోయినది. మొదటి సంపుటిలో వారి ఆస్తి ఏదంటే ఆ మాటయే. గిటారు పోతే పోనిండు, తాళం మారితే మారనిండు. కాని నల్లగొండ పలుకు వినబడకపోతే ఆ పాటను బెర్లినులోనో బొంబాయిలోనో ఎవరైనా చేయగలరు, దిల్‌సుఖ్‌నగర్ గదిలో చేయవలసిన అవసరమేమి? మదర్‌జేన్ వారు భాషను మార్చుకోలేదు, గమకాన్ని కలుపుకొన్నారు. అగమ్ వారు కీర్తనను విడువలేదు, దాని చుట్టూ స్థలాన్ని పెంచినారు. ఇండియన్ ఓషన్ వారు గిటారు, తబలాల కలయికను విడువలేదు, దానిని జనం ముందుకు తెచ్చినారు. మార్పు నిలిచిన ప్రతి చోట మారనిది ఒకటి కనబడుతుంది. ఆ ఒక్కటి ఏదో బృందానికి తెలిసి ఉండాలి. ఇదీ మేము వారితో అన్నది.

వారిలో వారు రెండు రోజులు వాదించుకొన్నారు. చివరకు రెండు పాటలలో కంఠాన్ని ముందుకు తెచ్చి మరల మిక్సింగు చేసినారు. మూడవ పాటను ముట్టుకోము అన్నారు. 'ఆ మాట వినబడకూడదనే అట్ల పెట్టినం' అని వారి సమాధానం. మేము ఒప్పుకోలేదు, వారు మార్చలేదు. ఈనాటికీ ఆ పాట విన్నప్పుడల్లా మాకు చెవి రిక్కించవలసి వస్తున్నది. బహుశా వారి ఉద్దేశం కూడ అదే కావచ్చును.

సంపుటి వెలువడినది. మొదటి దాని అభిమానులు చాలమంది విని, పాతవే బాగున్నవన్నారు. ఊరినుండి ఒకని తండ్రి, 'ఇవి ఎవరి పాటలు రా?' అని అడిగినాడట. కొత్తగా కొందరు వచ్చినారు, తక్కువమందియే. చెక్కపెట్టె వాయించే కుర్రవానికి బెంగుళూరులో ఉద్యోగం దొరికి వెళ్ళిపోయినాడు. పాడేవానికి సినిమాలో కోరసు పాడే అవకాశం ఒకటి వచ్చినది. పాడి వచ్చినాడు, మంచిదే. మూడవ సంపుటి వస్తుందో, రాదో వారికే తెలియదు. స్వతంత్ర బృందాల బ్రతుకు ఇటువంటిది. దానికి ప్రభువుల పోషణ లేదు, సినిమా నిర్మాత పెట్టుబడి లేదు. ఉన్నది ఒక్కటే – వినేవాని ఓపిక.

అందుచేత శ్రోతలకు మా మనవి ఒకటి. ఒక బృందం మొదటి పాటలు మీకు నచ్చి, రెండవ సంపుటి నచ్చలేదనుకొనండి. వెంటనే 'చెడిపోయినారు' అనకండి. మొదటిదే మరల కావాలంటే మొదటిది మీ దగ్గర ఉండనే ఉన్నది, దానినెవరూ ఎత్తుకొనిపోలేదు. రెండవదానిని మరొకసారి, మరొక చోట వినండి. డాబా మీద అర్థం కానిది రైలులో అర్థం కావచ్చును. ఒంటరిగా ఉన్నప్పుడు తెలియనిది నలుగురిలో తెలియవచ్చును. విన్న తరువాత రెండే ప్రశ్నలు వేయండి. ఈ మార్పు వారి బ్రతుకులో నుండి వచ్చినదా, బజారులో నుండి వచ్చినదా? ఇంత మారినా వారిలో మారనిది ఏదైనా వినబడుతున్నదా? రెండింటికీ సరియైన జవాబు దొరికితే ఆ బృందం పెరుగుతున్నదని అర్థం. దొరకకపోతే నిర్భయంగా బాగులేదని చెప్పండి, వారు వింటారు. కాని చెప్పే ముందు రెండుసార్లు వినండి. ఒక్కసారి విని తీర్పు చెప్పిన మా అనుభవం మీకు కలుగకుండునుగాక.

నిన్న రాత్రి మా డాబా మీద మరల గిటారు వినబడినది. వారు ముగ్గురే ఉన్నారు. ఏదో కొత్త వరుస. ఇంకా మాటలు లేవు. మేము మేడ మెట్ల మీదనే నిలబడి విన్నాము. పైకి వెళ్ళలేదు, అభిప్రాయం చెప్పలేదు.